ఉత్తరం ఎవరికి చేరింది?

ఈమెయిల్ మొదట్లో అచ్చంగా అక్షరాలే. 1971లో రే టామ్లిన్‌సన్ పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య తొలి ఉత్తరం నడిపినప్పుడు అందులో బొమ్మా లేదు, రంగూ లేదు. ఆ లేమే కొందరికి వరమైంది. ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకరైన వింట్ సెర్ఫ్‌కి చిన్నప్పటినుంచీ వినికిడి తక్కువ. ఫోన్లో మాట పట్టుకోవడం కన్నా ఉత్తరం చదువుకోవడమే ఆయనకి సుఖం. ఆయన భార్య సిగ్రిడ్‌కి మూడో ఏటే చెవులు పోయాయి. కాక్లియర్ ఇంప్లాంట్ సంగతి ఆవిడ ఇంటర్నెట్లోనే వాకబు చేసి, 1996లో ఆపరేషన్ చేయించుకున్నారు.

చూపులేనివాళ్ళకీ అక్షరాలే కలిసొచ్చాయి. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివే స్క్రీన్ రీడర్లు ఎనభైల్లోనే వచ్చాయి. వాటికి కావలసిందల్లా అక్షరం.

1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తెచ్చారు. ఉత్తరంలో ఫోటోలూ పాటలూ పెట్టుకునే వీలు దానితో వచ్చింది. (బోరెన్‌స్టైన్ మొదట పంపినవి తన పాటల బృందం ఫోటో, వాళ్ళ పాట. ఎవరి సరదా వాళ్ళది!) చూపులేనివాళ్ళకి జరిగిన చేటంతా మైమ్ మీదకి తోసేయడం సులువు. నేనొప్పుకోను. ఒకే ఉత్తరాన్ని అలంకారాలతో ఒకసారి, ఉత్త అక్షరాలతో ఒకసారి, రెండు రూపాల్లో కలిపి పంపే ఏర్పాటు అందులోనే ఉంది. ఉన్నదాన్ని వాడనిది మనం.

తెలుగుది ఇంకో దారి. తెరమీద మన లిపి కుదరని రోజుల్లో, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నాం. మనకది తెలుగే, ఇంగ్లీషు స్క్రీన్ రీడర్‌కి మాత్రం ఏ భాషో తెలియని గోల. తర్వాత వచ్చిన ఫాంట్లు మరీ మాయ. పైకి ‘అ’ కనిపిస్తుంది, లోపలున్నది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినవాళ్ళకి ఆ గజిబిజి గుర్తుండే ఉంటుంది. చూపులేనివాళ్ళకి ఎప్పుడూ వినిపించింది అదే. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటు దక్కినా, అది ఇళ్ళలోకి రావడానికి మరో పదేళ్ళ పైనే పట్టింది. 2006లో ఆస్ట్రేలియాలో, తనకే చూపులేని మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం. ఈస్పీక్ గొంతుతో అది తెలుగూ చదువుతుంది. మరబొమ్మ గొంతే, కానీ చదువుతుంది.

ఇంతా అయ్యాక మనం పంపుతున్నదేమిటి? నాకు తెలిసిన రిటైరైన లెక్చరరుగారొకరు ఎన్‌వీడీఏతో వెబ్ పత్రికలన్నీ వింటారు. పుస్తకావిష్కరణ ఆహ్వానాలు మాత్రం ఆయనకి రంగురంగుల బొమ్మలుగా వస్తాయి, కింద ఒక్క వాక్యం ఉండదు. ‘గ్రాఫిక్’ అని యంత్రం ఊరుకుంటుంది. అప్పుడాయన నాకు ఫోన్ చేస్తారు: “ఏం బాబూ, ఎక్కడట? ఎన్నింటికట?”