ల్యాప్‌టాప్ తెర: పరిమాణం, నిష్పత్తి, రిజల్యూషన్‌ల చరిత్ర

ల్యాప్‌టాప్ తెరకు మూడు కొలతలు ఉంటాయి. మొదటిది పరిమాణం. కింది మూల నుంచి ఎదుటి పై మూల దాకా, కర్ణం వెంబడి దీన్ని అంగుళాల్లో కొలుస్తారు. రెండోది అడ్డానికీ నిలువుకూ ఉన్న నిష్పత్తి: 4:3, 16:10, 16:9, 3:2 వంటివి. మూడోది రిజల్యూషన్, అంటే అడ్డంగా ఎన్ని పిక్సెళ్లు, నిలువుగా ఎన్ని వరుసలు అన్న లెక్క. దుకాణంలో ముందుగా వినిపించేది అంగుళాలే. భారతదేశంలో దాన్ని సెంటీమీటర్లలో కూడా వేస్తారు కాబట్టి 15.6 అంగుళాల తెర 39.62 సెం.మీ. తెరగానూ కనిపిస్తుంది. అయితే తెర మీద ఎంత మేటర్ పడుతుందో, అది ఎంత స్పష్టంగా ఉంటుందో తేల్చడంలో మిగతా రెండింటికీ అంతే పాత్ర ఉంది. ఆ రెండూ కంప్యూటర్ అవసరాల నుంచి మాత్రమే పుట్టలేదు. సినిమా, టీవీ పరిశ్రమలు వాటిని పలుమార్లు మార్చేశాయి.

కర్ణం చెప్పని సంగతి

కర్ణం ఒకటే అయినా తెరలన్నీ సమానం కావు. 14 అంగుళాల తెర 4:3లో ఉంటే వైశాల్యం సుమారు 94 చదరపు అంగుళాలు. అదే 16:10లో 88, 16:9లో 84. ఎత్తులో తేడా మరీ ఎక్కువ: 4:3 తెర 8.4 అంగుళాలుంటే, 16:9 తెర 6.9 దగ్గర ఆగిపోతుంది. తెర అడ్డంగా సాగేకొద్దీ వైశాల్యం తగ్గుతుందన్నమాట.

రిజల్యూషన్‌నూ పరిమాణంతో కలిపే చూడాలి. 15.6 అంగుళాల తెర మీద 1366×768 పిక్సెళ్లుంటే అంగుళానికి దాదాపు 100 పడతాయి. 1920×1080 అయితే 141. అవే 1920×1080 పిక్సెళ్లను 14 అంగుళాల్లో సర్దితే 157 అవుతాయి, అక్షరాలు మరింత నున్నగా కనిపిస్తాయి.

పిక్చర్ ట్యూబ్ నుంచి వచ్చిన 4:3

ఈ కథ కంప్యూటర్లకు చాలా ముందే, థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో మొదలైంది. అక్కడ పనిచేసిన డబ్ల్యు.కె.ఎల్. డిక్సన్ 1890ల తొలినాళ్లలో 35 మి.మీ. ఫిల్మ్ మీద ఒక్కో బొమ్మకు అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తు కేటాయించాడు. దాంతో బొమ్మ 4:3 ఆకారంలో స్థిరపడింది. టీవీలు ఆ నిష్పత్తినే తీసుకున్నాయి. టీవీల కోసం తయారైన పిక్చర్ ట్యూబులనే కంప్యూటర్లూ వాడుకోవడంతో ఆ ఆకారం వాటికీ వచ్చింది.

1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 మోసుకుపోగలిగే తొలి తరం కంప్యూటర్లలో పేరు మోసింది. బరువు 11 కిలోలు, తెర 5 అంగుళాల ట్యూబు. ఆ తెర మీద వరుసకు 52 అక్షరాలే పట్టేవి. ఐబీఎం 1928లో తెచ్చిన 80 గళ్ల పంచ్ కార్డు నాటి నుంచి కంప్యూటర్ రంగానికి వరుసకు 80 అక్షరాలు అలవాటు. అందువల్ల ఆస్బోర్న్ వాడేవాళ్లు తెరను పక్కకు జరుపుతూ మిగతా అక్షరాలు చదువుకోవాల్సి వచ్చేది.

మరుసటి ఏడాది గ్రిడ్ కంపాస్ వచ్చింది. బిల్ మాగ్‌రిడ్జ్ డిజైన్ చేసిన ఈ యంత్రంలో తెర కీబోర్డు మీదకు మడుచుకుంటుంది. 320×240 పిక్సెళ్లతో అక్షరాలు నారింజ కాంతిలో కనిపించేవి. దీన్ని నాసా స్పేస్ షటిల్‌లోకి కూడా తీసుకెళ్లింది. నేటి ల్యాప్‌టాప్ ఆకారానికి మూలం ఇదే.

తొలి ఎల్‌సీడీలు మాత్రం సన్నని పట్టీలే. ఎప్సన్ హెచ్ఎక్స్-20లో 20 అక్షరాల వరుసలు నాలుగు పట్టేవి. 1983 నాటి టీఆర్ఎస్-80 మోడల్ 100లో 40 అక్షరాల వరుసలు ఎనిమిది. 1985లో తోషిబా టీ1100 640×200 పిక్సెళ్లతో 80 అక్షరాల వరుసను ఎల్‌సీడీ మీద చూపించింది. 1987లో ఐబీఎం పీఎస్/2తో వచ్చిన వీజీఏ ప్రమాణం 640×480, అచ్చమైన 4:3. దాని తర్వాత 800×600, 1024×768 కూడా అదే నిష్పత్తిలో వచ్చాయి.

1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ 10.4 అంగుళాల రంగుల టీఎఫ్‌టీ తెరతో సంచలనం రేపింది. అయితే తెర చిన్నదైతే దాని కింద ఉండే కీబోర్డు కూడా ఇరుకవుతుంది. 1995 నాటి థింక్‌ప్యాడ్ 701లో జాన్ కరిడిస్ దీనికో చిట్కా కనిపెట్టాడు. కీబోర్డును మెట్లమెట్లుగా రెండు ముక్కలు చేశాడు. మూత ఎత్తగానే ముక్కలు రెండూ పక్కకు జరిగి ఒకదానితో ఒకటి అతుక్కునేవి. 9.7 అంగుళాల పెట్టెలోంచి 11.5 అంగుళాల కీబోర్డు బయటికి వచ్చేది. కొద్దికాలానికే తెరలు పెద్దవై ఆ ఏర్పాటుతో పని లేకుండా పోయింది.

వెడల్పు తెరలు

2001 జనవరిలో ఆపిల్ పవర్‌బుక్ జీ4 15.2 అంగుళాల తెరతో, 1152×768 పిక్సెళ్లతో వచ్చింది. నిష్పత్తి 3:2. 2003లో 17 అంగుళాల పవర్‌బుక్ 1440×900తో 16:10కి మారింది. ల్యాప్‌టాప్‌లో డీవీడీ సినిమాలు చూసే రోజులవి. వెడల్పు తెర మీద సినిమాకు పైనా కిందా నల్లపట్టీలు తగ్గేవి, కీబోర్డుకు చోటు దొరికేది, రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవడం కుదిరేది. ఆ దశాబ్దం మధ్యకల్లా 1280×800 సర్వసాధారణమైంది.

16:9 రాజ్యం

16:9ని ప్రతిపాదించినది కెర్న్స్ పవర్స్. 1980లలో అమెరికా చలనచిత్ర, టీవీ ఇంజనీర్ల సంఘమైన ఎస్ఎంపీటీఈలో హెచ్‌డీ టీవీ ఆకారంపై చర్చ నడుస్తుండగా, ఆయన అప్పటికి వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటినీ సమాన వైశాల్యం గల దీర్ఘచతురస్రాలుగా కత్తిరించి, మధ్యబిందువులు కలిసేలా ఒకదానిమీద ఒకటి పెట్టాడు. వాటన్నిటినీ చుట్టే పెద్ద చట్రం, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చిన్న చట్రం రెండూ సుమారు 1.78 నిష్పత్తిలోనే తేలాయి. పాత టీవీ 4:3కీ, 2.35:1 సినిమాకూ ఇది నడిమధ్య. హెచ్‌డీ టీవీలు దీన్నే స్వీకరించాయి.

ల్యాప్‌టాప్‌లను 16:9 వైపు నడిపించింది ప్యానెల్ కర్మాగారం. ఎల్‌సీడీలను పెద్ద గాజు పలకల నుంచి కోస్తారు. దర్జీ ఒకే తానులోంచి వీలైనన్ని జాకెట్లు తీయాలని చూసినట్టే, తయారీదారులు పలకలో వృథా తగ్గించుకోవాలని చూస్తారు. టీవీలు, మానిటర్లు, ల్యాప్‌టాప్‌లు ఒకే నిష్పత్తిలో ఉంటే ఆ లెక్క సులువవుతుంది. 2008–2010 మధ్య చాలా కంపెనీలు మారిపోయాయి.

ఈ మార్పులో కొనుగోలుదారు కంటపడనిది ఒకటి ఉంది. 15.4 అంగుళాల 16:10 తెర స్థానంలో 15.6 అంగుళాల 16:9 తెర వచ్చింది. అంకె పెరిగింది. ఎత్తు మాత్రం 8.2 అంగుళాల నుంచి 7.6కి పడిపోయింది, వైశాల్యం కూడా కాస్త తగ్గింది. 1280×800 పోయి 1366×768 రావడంతో 32 వరుసలు తగ్గాయి. 1920×1200 నుంచి 1920×1080కి దిగినవాళ్లు 120 వరుసలు పోగొట్టుకున్నారు. 1366 అన్న వింత అంకె పాత 1024×768 నుంచి పుట్టింది. 768 వరుసలను అలాగే ఉంచి అడ్డాన్ని 16:9కి సాగదీస్తే 1365.33 వస్తుంది. పిక్సెల్‌ను ముక్క చేయలేరు కనుక 1366.

2007లో ఏసస్ ఈఈఈ పీసీతో మొదలైన నెట్‌బుక్‌లు అనే చిన్న ల్యాప్‌టాప్‌ల అవస్థ ఇంకా ఎక్కువ. 800×480 తెర మీద కొన్ని ప్రోగ్రాముల సెట్టింగుల పెట్టె తెరిస్తే ‘ఓకే’ బటన్ తెర అడుగు అంచుకు కిందకు పోయి కనిపించేదే కాదు.

పిక్సెళ్లు చిక్కబడ్డాక

2012 జూన్‌లో ఆపిల్ 15.4 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోను 2880×1800 పిక్సెళ్లతో తెచ్చింది. పాత 1440×900లో ఒక పిక్సెల్ ఉన్నచోట ఇప్పుడు నాలుగు. అంగుళానికి 220. అక్షరాల సైజు మారలేదు, అంచుల గరుకుతనం పోయింది. విండోస్‌లో 150, 200 శాతం స్కేలింగ్ చేసే పనీ ఇదే. స్కేలింగ్ లేకపోతే అంత చిక్కటి తెర మీద మెనూలు చీమల్లా కనిపిస్తాయి.

తెలుగుకు ఈ మార్పు ఇంగ్లిష్ కంటే ఎక్కువ మేలు చేసింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అప్పటి సాధారణ తెర మీద 12 పాయింట్ల అక్షరానికి దక్కేది 16 పిక్సెళ్ల ఎత్తు. ‘రాష్ట్రం’ అన్న మాటలో తలకట్టు, దాని కింద ష, ఆ కింద రెండు వత్తులు అన్నీ ఆ ఎత్తులోనే ఇమడాలి. వత్తులు ముద్దైపోయేవి. 200 శాతం స్కేలింగ్‌తో అదే అక్షరానికి 32 పిక్సెళ్లు దొరుకుతాయి, ట వత్తు ట వత్తులా కనిపిస్తుంది.

మళ్లీ ఎత్తు

పత్రాలు, వెబ్ పేజీలు కిందికి సాగుతాయి కనుక ఎత్తు కావాలన్న వాదన ఎప్పుడూ పోలేదు. 2013లో గూగుల్ క్రోమ్‌బుక్ పిక్సెల్ 2560×1700తో 3:2కి వెళ్లింది. 2014లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 3 అదే నిష్పత్తిని ఎంచుకుంది. తెర చుట్టూ అంచులు సన్నబడ్డాక, అంతకుముందు కింది అంచు ఆక్రమించిన జాగాలోకి తెరనే దించడం వీలైంది. 2020లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 16:10కి మళ్లింది, మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. 2021 నాటి 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో 3024×1964 పిక్సెళ్లున్నాయి. 16:10కి సరిపడే 1890 వరుసల పైన 74 వరుసలు అదనం. కెమెరా గాడికి అటూ ఇటూ మెనూ పట్టీ కూర్చునేది అందులోనే.

మడత తెరలతో 4:3 కూడా తిరిగొచ్చింది. 2022లో ఏసస్ తెచ్చిన జెన్‌బుక్ 17 ఫోల్డ్ విప్పితే 17.3 అంగుళాల 2560×1920 తెర. మధ్యకు మడిస్తే 12.5 అంగుళాల 3:2. 2025 జనవరిలో లెనోవో చూపించిన థింక్‌బుక్ ప్లస్ రోలబుల్‌లో 14 అంగుళాల తెర మోటారు సాయంతో పైకి సాగి 16.7 అంగుళాలవుతుంది. 2000×1600 పిక్సెళ్లు 2000×2350 అవుతాయి, అంటే అడ్డం కంటే నిలువే ఎక్కువ. మరోవైపు తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో 15.6 అంగుళాల 16:9 తెరలు అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిలోనూ 1366×768 చాలావరకు వెనక్కి తగ్గి, 1920×1080 కనీస ప్రమాణంగా స్థిరపడింది.