నేలను పరీక్షించు వ్యయము ఎవరిది?

ఇల్లు కట్టదలచినవారు నేల గట్టిదా, నీరు పడునా, దస్తావేజులు సరిగా నున్నవా అని విచారింతురు. ఆ నేలలో పూర్వమెవరైనా విషము పాతిపెట్టిరా అని అడుగవలసిన అవసరము మన పెద్దలకు కలుగలేదు. యంత్రయుగము ఆ ప్రశ్నను కూడ మన ముందుంచినది. దానికి సమాధానము వెదకుటకగు ధనము నెవరు పెట్టవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ విషయమున నేర్చిన పాఠమును నేడు శ్రోతలకు వివరింపదలచినాము.

న్యూయార్కు రాష్ట్రమునందలి నయాగరా ఫాల్స్ పట్టణములో లవ్ కెనాల్ అను పేట కలదు. 19వ శతాబ్ది చివర అచ్చట ఒక కాలువ త్రవ్వనారంభించి మధ్యలో విడిచిపెట్టిరి. 1942 నుండి సుమారు పదేండ్లపాటు హుకర్ అను రసాయన సంస్థ ఆ గోతిలో 20,000 టన్నులకు పైగా వ్యర్థములను పూడ్చినది. 1953లో ఆ స్థలమును పాఠశాలల మండలికి ఒక్క డాలరుకు విక్రయించినది. రసాయన వ్యర్థములు పూడ్చియున్న మాట క్రయపత్రములో వ్రాసియే యున్నది. ఐనను అచ్చట బడి వెలసినది. చుట్టును ఇండ్లు వెలసినవి. కొంతకాలమునకు ఆ విషము ఇండ్ల నేలమాళిగలలోనికి ఊరసాగెను. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టరు అత్యవసర పరిస్థితిని ప్రకటించెను. వందలాది కుటుంబములు ఇండ్లు విడిచి తరలిపోయినవి.

ఈ ఘటన దేశమును కదిలించినది. 1980 డిసెంబరులో 'సూపర్‌ఫండ్' అని ప్రసిద్ధికెక్కిన శాసనము వచ్చినది. కాలుష్యమునకు కారకులైనవారే శుద్ధి వ్యయము భరింపవలెనని దాని ఆశయము. న్యాయమైన ఆశయమే. కాని ఆ బాధ్యత కారకులతో నాగక, స్థలమునకు ప్రస్తుత యజమాని యైనవానిని కూడ చుట్టుకొన్నది. పుట్టలో పామున్నదో లేదో తెలియనపుడు చేయి పెట్టువారెవరు? మూతపడిన కర్మాగారములు, పాత పెట్రోలు బంకులు, రైలు యార్డులు నగరముల నడుమ కొనువారు లేక పాడుపడినవి. బ్యాంకులు ఋణమీయ వెనుదీసినవి.

ఇందలి చిక్కును గమనింపుడు. పరీక్ష చేయించినచో దోషము బయటపడునని యజమాని భయము. ఇంకను తనది కాని నేలకు ధనమేల వెచ్చింపవలెనని కొనువాని సందేహము. కర్మాగారము మూతపడి పన్నులు తరిగిన పురపాలక సంఘమునకు శక్తి చాలదు. కావున పెట్టుబడి ఊరి వెలుపలి పచ్చని పొలములకు మరలినది. పాడునేల మాత్రము పేదల వాడల ప్రక్కనే మిగిలినది.

ఈ ముడిని విప్పుటకు ప్రభుత్వము పెద్ద మొత్తమేమియు వెచ్చింపలేదు. క్లీవ్‌లాండ్ నగరమున్న కయహోగా కౌంటీకి 1993లో తొలి ప్రయోగాత్మక సహాయము లభించినది. ఆ వరుసలోని ఒక్కొక్క సహాయము 2,00,000 డాలర్ల వరకు ఉండెడిది. ఆ ధనము ముఖ్యముగా శుద్ధికి కాదు, తెలిసికొనుటకు. పరీక్ష రెండు దశలుగా జరుగును. మొదట పాత పటములు, దస్తావేజులు చూచి, స్థలమును పరిశీలించి, ఎరిగినవారిని ప్రశ్నింతురు. అనుమానము నిలిచినచో మట్టిని, భూగర్భ జలమును తీసి ప్రయోగశాలకు పంపుదురు.

2002 జనవరిలో ఈ విధానము శాసనరూపము దాల్చినది. కలుషితమైనవే కాక, కలుషితమై యుండవచ్చునను శంక వలన వినియోగము కుంటుపడిన స్థలములును 'బ్రౌన్‌ఫీల్డు'లని ఆ శాసనము నిర్వచించినది. కొనుటకు ముందే తగిన విచారణ జరిపి, పిదప జాగ్రత్త వహించిన క్రేతకు రక్షణ కల్పించినది. 2021లో ఈ కార్యక్రమమునకు ఐదేండ్లకుగాను 150 కోట్ల డాలర్లు కేటాయించిరి.

శంక యున్న ప్రతి నేలయు విషభూయిష్టము కాదు. దోషము లేదని తేలుట కూడ ఊరికి లాభమే. ఐతే పరీక్షతోనే నేల శుద్ధి కాదు. శుద్ధియైన పిదప ధర పెరిగి, అన్నినాళ్లు ఆ గాలి పీల్చిన బీదలే తరలిపోవలసి వచ్చినచో ప్రజాధనము ప్రజలకు చేరినట్లు కాదు.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. 2010లో ప్రపంచ బ్యాంకు సహాయముతో భారత ప్రభుత్వము చేపట్టిన పారిశ్రామిక కాలుష్య పథకములో హైదరాబాదు కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట చేరినది. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వము కలుషిత స్థలములకై ప్రత్యేక నియమములను ప్రకటించినది. అనుమానిత స్థలములను గుర్తించుట, పరీక్షించుట, కారకులు దొరకనిచోట వ్యయమును ప్రభుత్వములు భరించుట అందు చెప్పబడినవి. లవ్ కెనాల్‌లోను విషము మాట కాగితముపై నున్నది. దానిని చదివి, నేల త్రవ్వి చూచి, ఉన్నదున్నట్లు ఊరివారికి చెప్పువారే కరవైరి. మన నియమములకును అదే పరీక్ష కానున్నది.