బినోలాలో శిలాఫలకం

హరియాణాలోని గుర్గావ్ దగ్గర బినోలా అనే ఊళ్లో 2013 మే 23న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ రక్షణ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన చేశారు. అది ఎలా ఉండాలో నివేదిక రాసిచ్చిన పెద్దాయన అప్పటికి రెండేళ్ల కిందటే కన్నుమూశారు. ఆయన పేరు కె. సుబ్రహ్మణ్యం. సైనికుడు కాదు, ఐఏఎస్ అధికారి.

1929లో తిరుచిరాపల్లిలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ చదివి 1951లో సర్వీసులో చేరారు. చైనా చేతిలో దెబ్బతిన్న రోజుల్లో రక్షణ శాఖ ఫైళ్లు చూశారు. ఆ తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో వ్యూహశాస్త్రం చదువుకుని వచ్చి, 1968లో ఢిల్లీలోని రక్షణ అధ్యయనాల సంస్థ ఐడీఎస్ఏకు డైరెక్టర్ అయ్యారు. కలెక్టరు కుర్చీల మీద మోజున్న కాలంలో అదేమంత గొప్ప పోస్టు కాదు. ఆయన మాత్రం రెండు దఫాలుగా పదిహేనేళ్లకు చేరువగా అక్కడే గడిపారు.

దేశానికి అణుబాంబు కావాలని వాదించినందుకు ఆయన మీద యుద్ధోన్మాది అన్న ముద్ర పడింది. నా ఉద్దేశంలో ఆ ముద్ర సగమే నిజం. 1999 ఆగస్టులో వెలువడిన అణు సిద్ధాంతం ముసాయిదా ఆయన కన్వీనరుగా ఉన్న జాతీయ భద్రతా సలహా మండలిదే. అణ్వస్త్రాన్ని ముందుగా మనం ప్రయోగించబోమన్న మాట అందులో ఉంది.

అదే ఏడాది కార్గిల్ సమీక్షా కమిటీకి అధ్యక్షత వహించారు. చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ కాలంలో ఆయన సిబ్బంది అధిపతి లార్డ్ ఇస్మే గీసిచ్చిన భద్రతా వ్యవస్థ 52 ఏళ్లయినా పెద్దగా మారలేదని ఆ నివేదిక మొహమాటం లేకుండా చెప్పింది. అన్నట్టు, అదే సంవత్సరం పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ప్రభుత్వ అధికారులూ పాత్రికేయులూ సర్కారు బిరుదులు పుచ్చుకోకూడదన్నది ఆయన పట్టుదల.

రక్షణ విశ్వవిద్యాలయం మీద వేసిన కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. ఆ నివేదిక 2002లో వచ్చింది. మన సైన్యానికి శిక్షణ కొదవ ఏనాడూ లేదు. ఖడక్‌వాస్లా అకాడమీ, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, మన సికింద్రాబాద్‌లోని రక్షణ నిర్వహణ కళాశాల ఉన్నాయి. కానీ గురి చూసి కాల్చడం నేర్పే చదువు వేరు, ఎవరితో ఎందుకు యుద్ధం, ఎంత ఖర్చుతో, ఎక్కడ ఆపాలి అని ఆలోచింపజేసే చదువు వేరు. ఆ రెండో చదువు సైనికాధికారులకే కాదు, రక్షణ శాఖలో సంతకాలు పెట్టే సివిలియన్లకూ కావాలి. సికింద్రాబాద్ సహా ఈ కళాశాలలన్నీ కొత్త విశ్వవిద్యాలయం గొడుగు కిందికి రావాలన్నది ప్రణాళిక.

నిజానికి ఇలాంటి విశ్వవిద్యాలయం కావాలని దళాధిపతుల కమిటీ 1967లోనే అడిగింది. దాని ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం బయటపెట్టింది 2016లో.