నిజాం రాష్ట్రంలో పఠన మందిరాలు

హైదరాబాదు రెసిడెన్సీ బజారులో 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుల పూనికతో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరుకు గ్రంథాలయమే అయినా, పాలనలోనూ చదువులోనూ ఉర్దూ రాజ్యమేలుతున్న ఆ సంస్థానంలో తెలుగువారు తమ బాగోగులను తమ భాషలో తరచి చూసుకొనే తావుగా ఎదిగింది. గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు ముందస్తు అనుమతి లేని సభలను నిషేధించిన రోజుల్లో, పఠన మందిరం, అంటే పత్రికలను ఉచితంగా చదువుకొనే గది, ప్రజాభిప్రాయానికి పురుడుపోసింది.

అభిప్రాయానికి ఆధారం ఎంత అవసరమో చాటిన ఘట్టం మరొకటి ఉంది. తెలంగాణలో కవులు పూజ్యమన్న నింద వినిపించినప్పుడు, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి, ఆవేశంతో ఎదురు నింద వేయక, ఊరూరి నుంచి పద్యాలు రప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. వాదాన్ని సాక్ష్యంతో గెలవడమంటే ఇదే. అంతకు మించిన పరిశోధన పాఠం ఆ తరానికి మరొకటి దొరకలేదనవచ్చు. ఆయనే తరువాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో, రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, కావ్యాలలో చెదురుమదురుగా కనిపించే తిండి, బట్ట, నగ, ఆటల ప్రస్తావనలను ఏరి సామాన్యుల బ్రతుకును నిలబెట్టారు.