తోటివాడి మోచెయ్యి తగిలితే

ఆటలో తోటివాడి మోచెయ్యి తగులుతుంది. ఒకడు ‘చూసుకోలేదేమో’ అనుకుని మళ్లీ ఆటలో పడతాడు. ఇంకొకడు ‘కావాలనే కొట్టాడు’ అని తిరగబడతాడు. ఈ రెండోవాడికి పోకిరి అని పేరుపెట్టడమే మనకు అలవాటు. ఆ అనుమానం వాడికెక్కడ అబ్బిందన్న ప్రశ్న శాస్త్రానికీ ఆలస్యంగానే తట్టింది.

1962లో అమెరికా వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు పెద్దల చేతుల్లో దెబ్బలు తిన్న పసివాళ్ల గురించి రాసినప్పుడు లోకం చూసింది విరిగిన ఎముకలనే. 1985లో మేరీ మెయిన్, కారొల్ జార్జ్ మూడేళ్లలోపు పిల్లల్ని గమనించారు. తోటి బిడ్డ ఏడిస్తే, దెబ్బలు తిన్న పిల్లల్లో ఒక్కరూ జాలి చూపలేదు. బెదిరారు, కోప్పడ్డారు, కొందరు ఏడ్చే బిడ్డనే కొట్టారు. చూసింది ఇరవై మందినే అయినా, గాయం స్నేహాల్లోకి పాకుతుందని అక్కడే తెలిసింది. 1990లో కెన్నెత్ డాడ్జ్ బృందం 309 మంది చిన్నపిల్లలకు ఇలాంటి తగవుల కథలు చూపి, అవతలివాడు ఎందుకలా చేశాడని అడిగింది. దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కువగా దురుద్దేశాన్నే చూశారు. తర్వాత సేథ్ పొలాక్ పరిశోధనల్లో అలాంటి పిల్లలు, ముఖం పూర్తిగా స్పష్టం కాకముందే అందులో కోపాన్ని పసిగట్టారు. దీన్ని లోపమనడానికి నాకు మనసొప్పదు. దెబ్బ పడే ఇంట్లో అది ప్రాణరక్షణ.

మన దేశంలో 2007లో కేంద్రప్రభుత్వ అధ్యయనం 13 రాష్ట్రాల్లో చూస్తే ప్రతి ముగ్గురిలో ఇద్దరు పిల్లలు దెబ్బలు తింటున్నట్టు తేలింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ పిల్లలకైతే ఇంటి దెబ్బ, బడి దెబ్బ మాత్రమే కాదు, యుద్ధం దెబ్బ కూడా తగిలింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం 2005లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. ఊళ్లు కాలాయి. జనం శిబిరాలకు చేరారు, కొందరు సరిహద్దు దాటి ఖమ్మం అడవులకు వచ్చారు. మావోయిస్టులు, జుడుం, పోలీసులు అందరూ పిల్లల్ని వాడుకున్నారని 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక చెప్పింది. గిరిజన యువకుల్ని ప్రత్యేక పోలీసు అధికారులుగా (ఎస్పీవోలుగా) పెట్టి పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కూలిన బడుల స్థానంలో వెదురు గోడల పోర్టా కేబిన్ హాస్టళ్లు లేచాయి.

యుద్ధభయమూ ఇంటి దెబ్బా ఒకటి కావు, డాడ్జ్ లెక్కల్ని ఇక్కడ యథాతథంగా అతికించలేం. కానీ కొత్త అడుగుల చప్పుడుకే అడవిలోకి పరుగెత్తడం నేర్చిన బిడ్డ, హాస్టల్లో పక్కవాడి తోపులాటను తేలిగ్గా తీసుకోగలడా? పైగా ఇంట్లో గోండి, పాఠం హిందీ. మాట అర్థంకాని చోట పిల్లవాడు ముఖాన్నీ చేతినీ చూసే ఉద్దేశం ఊహించుకుంటాడు. అక్కడ అయ్యవారు చెయ్యెత్తితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అందుకే ప్రతి హాస్టల్లో గోండి వచ్చిన పెద్దమనిషి ఒకరుండాలంటాను. తగవు పడ్డ ఇద్దర్నీ కూర్చోబెట్టి ‘వాడు నిన్నెందుకు తోశాడనుకున్నావు?’ అని వాళ్ల మాటలోనే అడగాలి, జవాబు చివరిదాకా వినాలి.