కీటకాలను కబళించే శిలీంధ్రాలు: పుట్టుక, పెంపకం, ఔషధ విలువ

ఢిల్లీలోని ధౌలా కువాన్ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల అక్కడే ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టిన మెట్రో స్టేషను కూడా ఆ చేరువలోనిదే. సైన్యానికి చెందిన పరిశోధన, రెఫరల్ ఆసుపత్రి సైతం ఈ ప్రాంతంలోనే ఉంది. మూత్రపిండ మార్పిడి జరిగే ఆసుపత్రుల్లో అది ఒకటి. మార్పిడి చేయించుకున్నవారు, దాత ఇచ్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు వాడవలసి ఉంటుంది. ఈ చికిత్స చరిత్రనే మలుపు తిప్పిన సైక్లోస్పోరిన్ అనే మందు, కీటకాలపై బతికే శిలీంధ్రాల వంశం నుంచి వచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు.

1969లో నార్వే దేశపు హార్డాంగెర్‌విడ్డా పీఠభూమి నుంచి సేకరించిన మట్టిలో టోలిపోక్లాడియం ఇన్‌ఫ్లేటం అనే శిలీంధ్రం లభించింది. స్విట్జర్లాండుకు చెందిన సాండోజ్ సంస్థ శాస్త్రవేత్తలు దాని నుంచి సైక్లోస్పోరిన్‌ను వేరుచేశారు. అది రోగనిరోధక చర్యను అణచగలదని 1972లో గుర్తించారు. 1983లో అమెరికా దాని వాడకానికి అనుమతి ఇచ్చింది. ఇదే శిలీంధ్రం పెంకు పురుగుల లార్వాల్లో పెరిగి ఫలిస్తుందని 1990లలో తేలింది. నేడు అవయవ మార్పిడిలో టాక్రోలిమస్ వాడకం పెరిగినా, సైక్లోస్పోరిన్ స్థానం చెరిగిపోలేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ వ్యాధికి 2010లో అనుమతి పొందిన ఫింగోలిమాడ్‌కు మూలమైన మిరియోసిన్ కూడా ఇటువంటి కీటక శిలీంధ్రంలో దొరికిన పదార్థమే.

పురుగులోకి ప్రవేశం

ఈ శిలీంధ్రాల జీవనం సిద్ధబీజంతో మొదలవుతుంది. గాలి ద్వారానో, నీటి ద్వారానో, మట్టి ద్వారానో వచ్చిన సిద్ధబీజం పురుగు చర్మానికి అంటుకొని మొలకెత్తుతుంది. కైటిన్‌ను, మాంసకృత్తులను, కొవ్వును కరిగించే ఎంజైములను స్రవిస్తూ, ఒత్తిడితో చర్మాన్ని ఛేదించి లోపలికి చొరబడుతుంది. పురుగు రక్తద్రవంలో ఈస్టు వంటి సూక్ష్మకణాలుగా విడిపోయి వృద్ధి చెందుతుంది. ఆ దశలో పురుగు రక్షణ వ్యవస్థను ఎదిరించక తప్పదు. వీటిలో కొన్ని శిలీంధ్రాలు రోగనిరోధక చర్యపై పనిచేసే రసాయనాలను తయారు చేయడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చివరకు పురుగు మరణిస్తుంది. దాని దేహం శిలీంధ్ర తంతువులతో నిండి గట్టిపడుతుంది. అనుకూల వాతావరణం ఏర్పడినప్పుడు ఆ దేహాన్ని చీల్చుకొని ఫలనాంగం పైకి వస్తుంది.

హిమాలయాల కీడా జడీ

ఈ కుటుంబంలో అత్యంత ప్రసిద్ధమైనది ఆఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. ఉత్తరాఖండ్‌లో దీన్ని కీడా జడీ అంటారు. టిబెటన్ భాషలో దీని పేరు యార్సా గుంబూ. వేసవిలో గడ్డి, చలికాలంలో పురుగు అని దాని అర్థం. సుమారు 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తున, భూమిలో వేళ్లు తింటూ సంవత్సరాల తరబడి జీవించే ఒక చిమ్మట జాతి గొంగళిపురుగుకు ఇది సోకుతుంది. పురుగు నేల పైపొరకు చేరువగా, తల పైకి ఉండేలా చనిపోతుంది. మంచు కరిగే కాలంలో దాని తల నుంచి గోధుమరంగు కాడ మొలుస్తుంది. ఆ కాడ పైభాగంలోనే తరువాతి తరానికి కావలసిన సిద్ధబీజాలు తయారవుతాయి.

చిక్కు అంతా ఇక్కడే ఉంది. లేత కాడ, దృఢమైన పురుగు దేహం ఉన్న సరుకుకే విపణిలో మంచి ధర పలుకుతుంది. అందువల్ల సిద్ధబీజాలు విడుదల కాకముందే దాన్ని తవ్వి తీస్తారు. పిథోరాగఢ్, చమోలీ జిల్లాల కొండ గ్రామాల్లో కొద్ది వారాల ఈ సేకరణే అనేక కుటుంబాలకు ఏడాది ఆదాయంలో ప్రధాన భాగం. సేకరణ ఆగితే జీవనోపాధి పోతుంది. అదుపు లేకుండా సాగితే శిలీంధ్రమే కనుమరుగవుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020లో దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. ప్రతి పచ్చిక బయలులోనూ కొంత భాగాన్ని తవ్వకుండా విడిచిపెట్టడం, సేకరణ గడువును ముందే ముగించడం వంటి చర్యలు సిద్ధబీజాలు నేలకు చేరే అవకాశాన్ని పెంచుతాయి.

గదిలో పెంపకం

కీడా జడీని పురుగుతో సహా పెంచడం ఎంతో కష్టమైన పని. చైనాలో చల్లని గదుల్లో గొంగళిపురుగులను పెంచి ఇటీవలి సంవత్సరాల్లో దాన్ని సాధించారు. దాని దగ్గరి బంధువైన కార్డిసెప్స్ మిలిటారిస్ పెంపకం ఇంతకంటే సులభం. నారింజ రంగులో ఉండే ఈ శిలీంధ్రాన్ని బియ్యం వంటి ధాన్యపు మాధ్యమంపైనా, పట్టుపురుగు ప్యూపాలపైనా పెంచుతారు. మాధ్యమాన్ని ఆవిరితో శుద్ధి చేసి, శిలీంధ్ర బీజాన్ని చేర్చి, తంతువులు అల్లుకునే వరకు చీకటిలో ఉంచుతారు. ఆ తరువాత వెలుతురు, అధిక తేమ, సుమారు 20 డిగ్రీల చల్లదనం కల్పిస్తే నారింజ కాడలు వస్తాయి. మొత్తం పంటకు దాదాపు రెండు నెలలు పడుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో ఉన్న పుట్టగొడుగుల పరిశోధన సంచాలనాలయం దీని సాగుపై పనిచేస్తోంది.

తెలుగు నేలపై మిత్రుడు, శత్రువు

తెలుగు రైతులకు ఈ వర్గపు శిలీంధ్రాలు మరో రూపంలో పరిచయమే. పట్టుపురుగులను సున్నంలా తెల్లగా, గట్టిగా మార్చే సున్నపుకట్టు తెగులుకు కారణం బవేరియా బాసియానా. సూక్ష్మజీవి వల్ల జంతువుకు వ్యాధి వస్తుందని 1835లో ఇటలీ శాస్త్రవేత్త అగస్టీనో బాసీ తొలిసారి నిరూపించింది ఈ తెగులు ఆధారంగానే. ఇదే బవేరియాను పంటలపై పురుగుల నివారణకు జీవ కీటకనాశినిగా వాడుతున్నారు. కొబ్బరిని పీడించే కొమ్ము పురుగు లార్వాలపై, ఎరువు గుంతల్లో మెటారైజియం శిలీంధ్రాన్ని ప్రయోగిస్తారు. పట్టుపురుగుల షెడ్డులకు, మల్బరీ తోటలకు సమీపంలో మాత్రం బవేరియాను పిచికారీ చేయరాదు.

కొనేముందు తెలుసుకోవలసినవి

కార్డిసెప్స్ మిలిటారిస్ నుంచి 1950లో వేరుచేసిన కార్డిసెపిన్ ప్రయోగశాల పరీక్షల్లో ఆసక్తికర ఫలితాలు చూపింది. అయితే పరీక్షనాళికలో కనిపించిన గుణం రోగికి మేలు చేస్తుందని చెప్పడానికి పెద్ద స్థాయి వైద్య పరీక్షలు అవసరం. బలం, లైంగిక పటుత్వం, క్యాన్సర్ నివారణ పేరిట జరిగే ప్రచారానికి ఆ స్థాయి ఆధారం లేదు. కీడా జడీ ఉత్పత్తుల్లో ఆర్సెనిక్ పరిమితికి మించి ఉందని 2016లో చైనా నియంత్రణ సంస్థ స్వయంగా హెచ్చరించింది. కార్డిసెప్స్ అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు జాతులను అమ్ముతున్నందున, లేబులుపై పూర్తి శాస్త్రీయ నామాన్ని చూడాలి.

సైక్లోస్పోరిన్ మందుగా నిలిచింది శిలీంధ్రాన్ని ఎండబెట్టి మింగినందువల్ల కాదు. అందులోని ఒకే పదార్థాన్ని శుద్ధి చేసి, మోతాదు నిర్ణయించి, రోగులపై పరీక్షించినందువల్ల. రోగనిరోధక వ్యవస్థపై ప్రభావం చూపగలవని చెప్పే ఇటువంటి పొడులను, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, రక్తం పలచబరిచే మందులు లేదా మధుమేహపు మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదు.