టెలిఫోను తీగపై యూనిక్సు: కొంత చరిత్ర, కొంత మరమ్మతు



కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమల్ల పేరు వినగానే మన బ్లాగ్మిత్రులకు చెన్నకేశవాలయం, అక్కడి విరిగిన శిలాస్తంభం, దానిపై రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం జ్ఞాపకం వస్తాయి. సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించిన ఈ శాసనం తెలుగులో లభించిన తొలి శాసనంగా ప్రసిద్ధి. దానిని గూర్చి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను వ్రాయబోయేది వేరొక లేఖనాన్ని గూర్చి. టెలిఫోను తీగ ద్వారా యూనిక్సు యంత్రాన్ని అంతర్జాలానికి కలిపేటప్పుడు తెరపై వరుసగా పుట్టి మాయమయ్యే పంక్తులు కొన్ని ఉండేవి. తెలుగు పండితునికి ఆ గొడవ ఎందుకని అడగవచ్చు. విరిగిన పాఠాన్ని చదవడం మా వృత్తి. ఆనాడు డయల్‌అప్‌ను బాగుచేయడమంటే చాలావరకు ఆ పనే.

ముందుగా కొంత పూర్వకథ. యూనిక్సు యంత్రాలు ఒకదానికొకటి ఫోను చేసుకొని దస్త్రాలను, ఉత్తరాలను ఇచ్చిపుచ్చుకొనే యూయూసీపీ అనే పద్ధతిని 1976లో బెల్ ప్రయోగశాలలో మైక్ లెస్క్ రచించాడు. 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పుతో అది లోకంలోకి వెళ్ళింది. మన దేశంలో విద్యాసంస్థలను కలపడానికి 1986లో ఎర్‌నెట్ మొదలైనప్పుడు తొలి ఉత్తరాలు నడచిందీ ఈ పద్ధతిలోనే. అయితే యూయూసీపీది టపా బంట్రోతు ఉద్యోగం వంటిది. సంచి తెచ్చి యిచ్చి వెళ్ళిపోతుంది. ఎదుటి యంత్రంతో నిలిచి మాట్లాడే వీలు లేదు.

తీగ కలిసి ఉన్నంతసేపూ మన యంత్రం అంతర్జాలంలో ఒక సభ్యునిగా నిలవడానికి 1984లో రిక్ ఆడమ్స్ స్లిప్ అనే నియమాన్ని బీఎస్‌డీ యూనిక్సుకు, సన్ వర్క్‌స్టేషన్లకు అమర్చాడు. అది అతి సరళం. ఇరువైపుల చిరునామాలు ముందే తెలిసి ఉండాలి. వచ్చిన అక్షరం చెడిందో లేదో చూసే ఏర్పాటు కూడ అందులో లేదు. ఆ లోపాలను పూరించినది పీపీపీ. దాని ప్రామాణిక రూపం 1994 జూలైలో ఆర్‌ఎఫ్‌సీ 1661గా వెలువడింది. లినక్సు వాడుకరులకు చిరపరిచితమైన పీపీపీడీ అనే ప్రోగ్రాము ఈ నియమాన్ని అమలు చేసేదే.

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ముంబయి, ఢిల్లీ, కలకత్తా, మదరాసు నగరాలలో ప్రజలకు అంతర్జాలాన్ని తెరచింది. కలమల్లలోనో జమ్మలమడుగులోనో ఉన్నవానికి ఆనాడు దగ్గరి ద్వారం మదరాసు. అంటే ఎస్‌టీడీ కాలు. ఖాతాలు రెండు రకాలు. టీసీపీ-ఐపీ ఖాతా ఖరీదైనది. దానితో బొమ్మలున్న పుటలు చూడవచ్చు. చవకైన షెల్ ఖాతాలో మన యంత్రం వట్టి టెర్మినల్. అక్కడి యూనిక్సు యంత్రంలో ప్రవేశించి అక్షరాలు మాత్రం చూడాలి. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించింది. 2000 అక్టోబరు 1న బీఎస్‌ఎన్‌ఎల్ ఏర్పడింది. దాని సంచార్‌నెట్‌కు 172222 అనే సంఖ్య తిప్పితే స్థానిక కాలు ధరకే పని జరిగేది. సీమ పట్టణాలకు అసలు కలిసివచ్చిన మార్పు ఇదే.

ఇక మరమ్మతు సంగతి. డయల్‌అప్ సంబంధం అంతస్తుల మేడ. కింది మెట్టు నిలవనిదే పై మెట్టు ఎక్కలేము.

మొదటి మెట్టు మోడెము. 1981 నాటి హేయిస్ స్మార్ట్‌మోడెము నేర్పిన ఏటీ ఆజ్ఞలనే తరువాతి మోడెములు కూడ పాటించాయి. ఏటీడీటీ అంటే టోన్‌తో, ఏటీడీపీ అంటే పల్స్‌తో డయల్ చేయమని. పాత ఎక్స్ఛేంజీలకు టోన్ భాష తెలియదు. అక్కడ పల్సే శరణ్యం. చవక రకం లోపలి మోడెములు కొన్ని విండోసు సాయం లేనిదే పని చేసేవి కావు. వాటికి ‘విన్‌మోడెము’లని పేరు. లినక్సు వాడేవారు అందుకే సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమును కోరేవారు.

రెండవ మెట్టు చాట్ అనే చిన్న ప్రోగ్రాము. ఇది ఎదుటి యంత్రం పలికే మాటను కనిపెట్టి తగిన బదులు పంపుతుంది. దాని ఆదేశపత్రంలో ‘లాగిన్’ కోసం కాచుకోమని వ్రాయరు. మొదటి ‘ఎల్’ అక్షరాన్ని విడిచి ‘ఆగిన్’ అని వ్రాస్తారు. పాస్‌వర్డుకు కూడ ఆద్యక్షరం ఉండదు. ఇది లేఖకుని పొరపాటని అనుకోవలదు. ఎదుటివారు మొదటి అక్షరాన్ని పెద్దబడిలో వ్రాస్తారో చిన్నబడిలో వ్రాస్తారో తెలియదు. తీగలోని రొదకు ఆ తొలి అక్షరం చెడిపోయినా చెడిపోవచ్చు. కనుక చెడని భాగంతోనే మాటను గుర్తించాలి. కలమల్ల శాసనంలో నడిమి పంక్తులు శిథిలమైనా, చివర మిగిలిన మహాపాతకపు మాట తునకను బట్టి అది దానశాసనాల శాపవాక్యమని పరిష్కర్తలు పోల్చుకొన్నారు. చాట్ రచించినవారికి మన శాసనాల సంగతి తెలియకపోయినా ఉపాయం మాత్రం ఒకటే.

మూడవ మెట్టు పీపీపీ సంభాషణ. మొదట తీగ గుణాలను గూర్చి, పిదప ప్రవేశార్హతను గూర్చి, చివర చిరునామాలను గూర్చి ఇరు యంత్రాలు ఒప్పందానికి వస్తాయి. ఇక్కడి ఒక ఫిర్యాదు చిత్రమైనది: ‘సీరియల్ లైన్ ఈజ్ లూప్డ్ బ్యాక్’. మనం పంపినదే మనకు తిరిగి వస్తున్నదని తాత్పర్యం. సాధారణంగా దీనికి కారణం అవతల పీపీపీ మొదలు కాకపోవడం. అక్కడింకా లాగిన్ ప్రశ్నో షెల్లో కూర్చొని మన అక్షరాలనే ప్రతిధ్వనిస్తుంటుంది. కొండ ముందు నిలిచి కేక వేసి, ఎవరో పలికారని భ్రమపడవద్దని యంత్రం చేసే హెచ్చరిక అది.

నాలుగవ మెట్టు దారి, అయిదవది పేరు. ఈ రెండింటికీ కళ్ళారా చూసిన ఉదాహరణ చెబుతాను. 2001లో ప్రొద్దుటూరులో ఒక మిత్రుని ఇంట లినక్సు యంత్రం ఉండేది. “సార్, లైను కలుస్తాంది, పేజీ మాత్రం రావడంల్యా” అన్నాడు. ప్రతి ప్రయత్నానికీ మీటరు తిరుగుతున్నది. మళ్ళీ డయల్ చేయవద్దని చెప్పి, ముందు లాగ్ దస్త్రం తెరిపించాను. ఇద్దరం పంక్తి వెంట పంక్తి చదివాము. మోడెము పలికింది, లాగిన్ అయింది, చిరునామా కూడ వచ్చింది. ఇఫ్‌కాన్ఫిగ్ అడిగితే పీపీపీ0 సజీవంగా ఉన్నట్టే చూపిందని మిత్రుడు అన్నాడు. ఆ పిదప పంక్తిలో ఉంది రహస్యం: ఇదివరకే ఉన్న డీఫాల్ట్ రూటును మార్చడం లేదని పీపీపీడీ వ్రాసుకొన్నది. మిత్రుడు అంతకుముందు రెండు యంత్రాలను కలపడానికి ఈథర్నెట్ కార్డు పెట్టి, దానికొక గేట్‌వే కూడ వ్రాసి ఉన్నాడు. ఉత్తరాలన్నీ ఆ మూసిన సందులోకి వెళ్ళి నిలిచిపోతున్నాయి. పాత రూటును తీసివేసి మరల కలిపితే అంకెల చిరునామాకు పింగ్ బదులు వచ్చింది. పేరు వ్రాస్తే మాత్రం రాలేదు. అంటే దారి ఉంది, నామకోశం లేదు. రిజాల్వ్.కాన్ఫ్ దస్త్రంలో నేమ్‌సర్వరు సంఖ్య చేర్చాక పుట తెరుచుకొంది. చదవడానికి అరగంట పట్టింది, దిద్దుబాటుకు రెండు పంక్తులు సరిపోయాయి.

ఇందులో తెలుగు సంగతి ఏమిటంటారా? షెల్ ఖాతాల టెర్మినళ్ళలో తెలుగు లిపికి చోటు లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ లిపినే తెలుగుగా చదువుకొన్నాము. అది వట్టి రాజీ కాదు, పొదుపు కూడ. ‘కలమల్ల’ అనే మాట ఆర్‌టీఎస్‌లో 9 బైట్లు. యూనికోడు యూటీఎఫ్-8లో 18. సీరియల్ తీగపై ఒక్కొక్క బైటుకు 10 బిట్లు పడతాయి. సెకనుకు 9600 బిట్ల మోడెము మీద 960 బైట్లు, అనగా యూటీఎఫ్-8లో 320 తెలుగు సంకేతాలు మాత్రమే నడుస్తాయి. 1991లోనే యూనికోడులో తెలుగుకు స్థానం లభించినా, అది మన తెరలకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండు మొదలయ్యాక ఆ కీచు శబ్దం క్రమంగా ఊళ్ళలో వినబడకుండా పోయింది. పోయినందుకు విచారం లేదు. మీటరు చూస్తూ చదివిన రోజులు మరల రావాలని ఎవరు కోరుతారు? నా చింత ఒకటే. రాతి మీది పాఠం సగం శిథిలమైనా 1400 ఏళ్ళు నిలిచింది. మనం ఆర్‌టీఎస్‌లో వ్రాసుకొన్న ఉత్తరాలు, దింపుకొన్న పద్యాలు, చాట్ ఆదేశపత్రాలు పాత ఫ్లాపీలలో పాతికేళ్ళకే చదవరాకుండా పోతున్నాయి. తొలినాళ్ళలో తెలుగు తీగ దాటి ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యాలు అవే.

మీ అటకల మీద అటువంటి ఫ్లాపీలు ఉంటే, ఈ వేసవిలోపు వాటిని వేరొక చోటికి ప్రతి తీసి పెట్టండి. ఆర్‌టీఎస్ పాఠాన్ని యూనికోడులోకి మార్చినా మూలాన్ని పారవేయవద్దు. చెడిన అక్షరాలు కనిపిస్తే ఊహించి పూరించకండి. చుక్కలు పెట్టి విడిచిపెట్టండి. శాసన పరిష్కర్తలు చేసినది అదే. చదవగలిగినవారు తరువాత వస్తారు.

సెలవు.